కెమిస్ట్రీలో ఎవరు తడబడతారో మొదటి వారంలోనే పసిగట్టడం

చిరంజీవి మాధవికి,

కొత్త క్లాసులో ఎవరు గట్టెక్కుతారో, ఎవరు మధ్యలో చతికిలబడతారో ముందే తెలిస్తే బాగుండునని రాశావు. చాలావరకు తెలుసుకోవచ్చమ్మా. కాకపోతే పోయినేడు సైన్సులో వచ్చిన మార్కులు పట్టుకుని అంచనా కట్టకు. మూలకాల గుర్తులూ నిర్వచనాలూ బట్టీపట్టినా ఆ మార్కులు వచ్చేస్తాయి. పిల్లలు ఎక్కువగా కూలబడేది మోల్ లెక్కల దగ్గర (మోల్ అంటే పదార్థంలోని కణాలను లెక్కగట్టే కొలమానం). అక్కడ కావలసింది నిష్పత్తిలో ఆలోచించడం.

క్యాలిక్యులేటర్ లేకుండా అరగంటలో అయ్యే 15 ప్రశ్నల పేపరు తయారుచెయ్యి. సగానికి పైగా వట్టి లెక్కలే పెట్టు: 0.5ని 0.25తో భాగించడం, 3 × 10⁴ని 2 × 10⁻⁶తో గుణించడం, సాంద్రత సూత్రం నుంచి ఘనపరిమాణం రాబట్టడం, మిల్లీలీటర్లను లీటర్లలోకి మార్చడం. వాక్యాలు పొట్టిగా ఉండాలి. లేకపోతే చదవడంలో వెనకబడ్డవాణ్ణి లెక్కల్లో వెనకబడ్డవాడనుకుంటావు.

పేపరు మొత్తంలో ప్రాణం లాంటి ప్రశ్న ఒకటుంది. 4 గ్రాముల హైడ్రోజన్ పూర్తిగా మండితే 36 గ్రాముల నీరు వస్తుంది; 10 గ్రాములు మండితే ఎంత? జవాబు 90. కొందరు 42 అని రాస్తారు. హైడ్రోజన్ 6 గ్రాములు పెరిగింది కాబట్టి నీటికీ 6 కలిపేశారు. అది కూడికలో తప్పు కాదు, ఆలోచనలో తప్పు. మోల్ పాఠం మొదలయ్యాక ప్రతి లెక్కలోనూ ఇదే తిరిగొస్తుంది. 95 అని రాసినవాడి సంగతి వేరు. వాడికి దారి తెలిసే ఉండొచ్చు, ఎక్కం తప్పి ఉంటాడు. అందుకే చేసిన విధానం కూడా రాయించు. ఇక్కడ 10 బదులు 8 ఇవ్వకు. రెట్టింపు చేయడం అందరికీ అలవాటే, తేడా బయటపడదు.

మిగిలినవి కెమిస్ట్రీ ప్రశ్నలు. 100 గ్రాముల నీళ్లలో 20 గ్రాముల చక్కెర పూర్తిగా కరిగితే మొత్తం బరువెంత? 100 అన్నవాడి దృష్టిలో కరగడమంటే మాయమైపోవడం. మరుగుతున్న నీళ్లలో పైకొచ్చే పెద్ద బుడగల్లో ఏముంటుంది? ఉండేది నీటి ఆవిరే, కానీ హైడ్రోజన్, ఆక్సిజన్ అని రాసేవాళ్లు ఉంటారు. నీటి ఫార్ములా ముందు 2 వేసి, ఆ అణువుల బొమ్మ గీయమను. నాలుగు హైడ్రోజన్లనూ రెండు ఆక్సిజన్లనూ ఒకే ముద్దగా అంటించాడంటే ముందుండే అంకెకూ, కింద రాసే అంకెకూ తేడా తెలియదన్నమాట. వాడు సమీకరణాన్ని తుల్యం చేసినా అర్థమై చేసినట్టు కాదు.

1981లో టోబిన్, కేపీ అనే విద్యా పరిశోధకులు రూపొందించిన తార్కిక ఆలోచన పరీక్షలో ఉన్నవి పదే ప్రశ్నలు, మొదటి రెండూ నిష్పత్తి మీదే. వీలైతే అదీ చూడు.

పేపరు చివర తనకెన్ని మార్కులు వస్తాయో పిల్లలనే రాయమను. 5 వచ్చిన పిల్లవాడు 6 అని రాసుకుంటే సాయం తీసుకుంటాడు. 13 అని రాసుకున్నవాడి మీద కన్నేసి ఉంచు, వాడు తనంతట తాను అడగడానికి రాడు.

15కి 6 లోపు వస్తే ఇబ్బంది ఖాయమనుకుని పని మొదలుపెట్టు. 12 దాటితే పెద్దగా బెంగ అక్కర్లేదు. మధ్యలో ఉన్నవాళ్ల గురించి ఈ పేపరు ఏమీ చెప్పదు. వాళ్ల విషయంలో మొదటి నెల హాజరూ, హోంవర్కులో సొంతంగా చేసినదెంతో చూడు.

42 రాసినవాళ్లకు నాలుగు వారాలపాటు క్లాసు మొదట్లో పది నిమిషాలు రెండు వరుసల పట్టికతో లెక్కలు చేయించు, ప్రతి అంకె పక్కనా యూనిట్ రాయించు. మోల్ పాఠం అప్పటిదాకా ఆగితే మరీ మంచిది. ఈ మార్కులు మాత్రం పిల్లలకు చదివి వినిపించకు, వాటిని బట్టి బెంచీలు మార్చకు. నువ్వు రానివాడని తేల్చేశావని తెలిసిన పిల్లవాడు ప్రయత్నించడమే మానేస్తాడు.

పేపర్లు దాచిపెట్టు. మోల్ పరీక్ష అయ్యాక రెండు మార్కులూ పక్కపక్కన రాసి చూడు. అందరూ సరిగ్గా చేసిన ప్రశ్న, ఎవరూ చేయలేని ప్రశ్న ఎవరినీ విడదీయవు. వాటిని తీసేసి కొత్తవి వెయ్యి. 6, 12 అన్న గీతలు కూడా నీ క్లాసును బట్టి జరుపుకో.

ఆశీస్సులతో,
మీ పెద్ద మాస్టారు