డ్రెస్ వేసుకోనివ్వండి, స్విచ్ మాత్రం ఎదుటివాడి చేతికివ్వండి

"వీడియో గేముల పోటీ మ్యాచుల్లో, డబ్బుకి కొని పాత్రకి తొడిగే కాస్ట్యూములు అనుమతించాలా? డబ్బు పోసి కొన్నవాడిని వద్దనడం అన్యాయం కాదా?" అని అడిగారు.

అనుమతించాలి. కొన్న డ్రెస్సు మీ స్క్రీన్ మీద, మీ టీమ్ స్క్రీన్ల మీద ఎంత మెరిసినా ఎవరికీ నష్టం లేదు. కానీ మీ మీద గురి పెట్టినవాడికి మీరెలా కనబడాలన్నది వాడి చేతిలో ఉండాలి.

ఉప్పల్ స్టేడియంలో డే నైట్ మ్యాచ్ చూసినవాళ్ళకి ఇది చెప్పక్కర్లేదు. బంతి తెల్లది కాబట్టి సైట్ స్క్రీన్ నల్లగా ఉంటుంది. దాని ముందు ఎవరైనా అటూ ఇటూ నడిస్తే బ్యాట్స్‌మన్ చెయ్యెత్తి ఆట ఆపేస్తాడు. బౌలర్ మణికట్టుకి తెల్ల బ్యాండ్ ఉంటే అంపైర్‌కి చెప్పి తీయిస్తాడు. "డబ్బు పెట్టి కొన్నాను" అని ఆ బౌలర్ వాదించడు కదా!

అసలు గొడవ ఎక్కడ మొదలవుతుందో తెలియాలంటే కాల్ ఆఫ్ డ్యూటీ వార్‌జోన్ అనే తుపాకుల గేములో రోజ్ అనే ఆపరేటర్‌కి, అంటే మనం ఆడే పాత్రకి, వచ్చిన రూక్ స్కిన్ చూడాలి. స్కిన్ అంటే పైకి కనబడే వేషమే. 2020లో బ్యాటిల్ పాస్‌తో, అంటే డబ్బు కట్టి ఆడుతూ గెలుచుకునే బహుమతుల వరసలో వచ్చింది. తల నుంచి బూటు దాకా నలుపే, ముఖానికీ నల్ల ముసుగే. వెర్డాన్స్క్ మ్యాప్‌లో ఓ ఇంట్లో తలుపు పక్క మూలలో ఆ స్కిన్ వేసుకున్నవాడు కూర్చున్నాడనుకోండి. బయట ఎండలోంచి మీరు లోపలికొస్తారు. మూల చూస్తారు, ఖాళీ. మెట్ల వైపు తిరుగుతారు. వీపులో తూటాలు దిగాక తుపాకీ మంట వెలుగులో మొదటిసారి మనిషి ఆకారం కనబడుతుంది. అప్పటికి మీ కవచం ప్లేట్లు పగిలిపోయి ఉంటాయి. టోర్నమెంట్లు ఆడేవాళ్ళూ అదే వేసుకోవడం మొదలుపెట్టారు. దానికి విరుగుడుగా పీసీ వాళ్ళు చీకటిని తెల్లబరిచే గ్రాఫిక్స్ కార్డ్ ఫిల్టర్లు పెట్టుకున్నారు. కంపెనీ 2021లో స్కిన్‌ని కొంచెం వెలుతురుగా మార్చింది. బుద్ధి వచ్చిందా అంటే, 2023లో చెట్టు కొమ్మల మనిషిలాంటి గాయా స్కిన్ అమ్మారు. ఒంట్లో సందులే సందులు, ఆకుల మధ్య నిలబడితే ఆకులే. దాన్నీ మళ్ళీ సరిదిద్దాల్సి వచ్చింది.

చాలామంది రంగు గురించి కొట్టుకుంటారు. కన్ను ముందు పట్టేది రంగుని కాదు, అంచుని. మనిషికీ వెనక గోడకీ మధ్య వెలుగు తేడా ఉంటేనే ఆ అంచు తెలుస్తుంది. అందుకే ఎర్ర డ్రెస్సు కూడా ఒక్కోసారి దాక్కుంటుంది, పచ్చ డ్రెస్సు పచ్చికలోనే పట్టుబడుతుంది. మీకు అనుమానమున్న స్కిన్‌ని పరీక్షించడానికి అరగంట చాలు. కస్టమ్ రూమ్ (మీరు పిలిచినవాళ్ళే ఆడే ప్రైవేటు మ్యాచ్) తెరిచి ఇద్దరు వెళ్ళండి. ఒకరు వరసగా మూడు చోట్ల నిలబడాలి: ఇంటి మూల, చెట్టు నీడ, ఎండలో గోడ. రెండోవాళ్ళు ఒక్కో చోటనీ 20, 50, 100 మీటర్ల నుంచి స్క్రీన్‌షాట్ తీయాలి. అవే చోట్ల డిఫాల్ట్ డ్రెస్సుతో, అంటే గేమ్ అందరికీ ఊరికే ఇచ్చే మామూలు బట్టలతో, ఇంకోసారి తీయాలి. ఫోన్ గ్యాలరీలో ఆ ఫోటోలన్నీ బ్లాక్ అండ్ వైట్ చేసి పక్కపక్కన పెట్టండి. డిఫాల్ట్‌లో తల, భుజాలు తెలిసి స్కిన్‌లో గోడలో కలిసిపోతే ఆ స్కిన్ పోటీకి పనికిరాదు. ఒక్క జాగ్రత్త: రెండుసార్లూ గ్రాఫిక్స్ సెట్టింగ్ ఒకటే ఉండాలి. నీడలు ఆన్‌లో ఒకటి, ఆఫ్‌లో ఒకటి తీస్తే పరీక్ష వృథా.

ఈ సంగతి తెలిసి చేసినవాళ్ళు లేకపోలేదు. డోటా 2కి బయటి కళాకారులు దుస్తులు చేసి పంపాలంటే ఆ గేమ్ కంపెనీ వాల్వ్ పెట్టిన నియమాలున్నాయి: హీరో నీడరూపం మారకూడదు, రంగు కాళ్ళ దగ్గర ముదురు, పైకి వచ్చేకొద్దీ లేత. వాలరెంట్ అనే తుపాకుల గేములో, 2020లో వచ్చినప్పటి నుంచీ తుపాకులకే స్కిన్లు, మనుషులకి లేవు. శత్రువు చుట్టూ గీత ఎరుపో పసుపో ఊదానో మీరే ఎంచుకోవచ్చు. అలాంటిదే ఇంకో గేమ్ కౌంటర్ స్ట్రైక్‌లో తుపాకీ రంగులు 2013 నుంచీ ఉన్నాయి, ఎవరికీ పేచీ లేదు. 2019లో మనుషులకి కూడా ఏజెంట్ స్కిన్లనే వేషాలు వచ్చేసరికి మాత్రం పెద్ద టోర్నమెంట్లు వాటిని పక్కన పెట్టాయి.

కానీ నా ఓటు వీళ్ళెవరికీ కాదు, పాత తుపాకుల గేమ్ క్వేక్‌కి. క్వేక్ లైవ్‌లో ఒకటి రెండు కమాండ్లు కొడితే శత్రువులందరూ మీ స్క్రీన్ మీద ఒకే బొమ్మ, ఒకే మెరిసే రంగు. అవతలివాడు ఏం వేసుకున్నాడో వాడి ఇష్టం. కంపెనీలు "సాంకేతికంగా కష్టం" అంటే నమ్మకండి. కొన్ని మొబైల్ గేముల్లో డ్రెస్సుల ఫైళ్ళు డౌన్‌లోడ్ చేసుకోకపోతే ఎదుటివాళ్ళు మామూలు బట్టల్లోనే కనబడతారు. ఫోన్లో జాగా కోసం చేసే పనిని న్యాయం కోసం చేయలేరా? చేయరు, ఎందుకంటే పదిమందికీ కనబడని డ్రెస్సుని ఎవడు కొంటాడు!

తుపాకీ స్కిన్లు అమాయకమైనవని కూడా అనుకోకండి. కాల్ ఆఫ్ డ్యూటీలో కొన్ని బ్లూప్రింట్ల (అమ్మే తుపాకీ స్కిన్ల) ఐరన్ సైట్, అంటే గురి చూసే ఇనుప ముక్క, మామూలు దానికంటే సన్నగా, ఖాళీగా ఉంటుంది. అది డబ్బుకి దొరికిన కంటిచూపు. తూటా వెళ్ళిన దారిలో వెలిగే రంగు ట్రేసర్లు మాత్రం సొంత డబ్బుతో కొన్న చేటు, తూటా గీత పట్టుకుని అవతలివాడు నేరుగా మీ కిటికీ దగ్గరికొస్తాడు. ఇక ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అనే మొబైల్ గేములో తుపాకీ స్కిన్ అలంకారమే కాదు, డ్యామేజీ పెరిగి ఇంకోటేదో తగ్గుతుంది. అమీర్‌పేట హాస్టళ్ళలో రాత్రి పన్నెండింటికి జరిగే తగాదాల్లో సగం దీని మీదే.

దిల్‌సుఖ్‌నగర్, కూకట్‌పల్లి కాలేజీల ఫెస్ట్‌లో రూమ్ పెట్టేవాళ్ళు కంపెనీ స్విచ్ ఇచ్చేదాకా ఆగలేరు. ఫ్రీ ఫైర్ మ్యాక్స్ అయితే రూమ్ చేసేటప్పుడే గన్ ప్రాపర్టీ (తుపాకీ స్కిన్ ఇచ్చే బలం), క్యారెక్టర్ స్కిల్ (పాత్రల ప్రత్యేక శక్తి) రెండూ ఆఫ్ చేయండి. మొదటిది ఆఫ్ చేసి రెండోది మర్చిపోవడం మామూలుగా జరిగే పొరపాటు. బీజీఎమ్ఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) అయితే డిఫాల్ట్ డ్రెస్ అని పోస్టర్ మీదే రాయండి, మ్యాచ్ రోజు చెబితే వినరు. గడ్డిలా కనబడే గిల్లీ సూట్‌ని మాత్రం ఈ నియమంలో కలపొద్దు. అది మ్యాచ్ మధ్యలో ఆకాశం నుంచి పడే ఎయిర్‌డ్రాప్ పెట్టెలో ఎవరికైనా దొరికే ఆట వస్తువు, ఎవరూ ముందుగా కొనుక్కొచ్చింది కాదు. మొదలుపెట్టే పది నిమిషాల ముందు ప్రతి ప్లేయర్ దగ్గరా లాబీ (మ్యాచ్‌కి ముందు పాత్ర కనబడే తెర) స్క్రీన్‌షాట్ తీసుకోండి, గడియారం కనబడేలా. ముందు రాత్రి తీసింది పంపేవాళ్ళుంటారు, ఛార్జింగ్ శాతం కూడా చూసుకోండి.