ఫ్రిజ్ నిండా ప్యాకెట్లే అంటున్నారు

ప్రశ్న: మాది జడ్చర్ల. మహబూబ్‌నగర్‌లో ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, పొద్దున ఏడున్నర బస్సు తప్పితే ఆ రోజంతా టెన్షనే. అందుకని అల్లం ఎల్లిగడ్డ పేస్టు, దోసె పిండి, జొన్నపిండి, ఒక్కోసారి పిల్లలకు వేడి చేసి పెట్టే కూర ప్యాకెట్లు కూడా కొంటున్నా. మొన్న పండక్కి వచ్చిన మా అత్తమ్మ ఫ్రిజ్ తెరిచి "ఇది ఇల్లా, కిరాణా కొట్టా" అన్నది. పిల్లలకు అన్యాయం చేస్తున్నానా?
– ఒక పాఠకురాలు

జవాబు: అన్యాయమేమీ లేదమ్మా, ఆ మాట మనసులోంచి తీసేయండి. అన్నీ ఇంట్లోనే చేసుకున్న కాలం ఎప్పుడూ లేదు, జొన్నలు గిర్నికి పోయేవి, నూనె గానుగ నుంచి వచ్చేది. ఏది కొనాలో చూసుకుంటే చాలు.

జొన్నపిండి ప్యాకెట్ మాత్రం కొనకండి, ఇది గట్టిగా చెప్తున్నా. గోధుమపిండిని సాగేలా పట్టి ఉంచే గ్లూటెన్ అనే పదార్థం జొన్నలో లేదు, అందుకే మరిగే నీళ్లు పోసి కలిపితే తప్ప పిండికి జిగి రాదు, ప్యాకెట్ పిండిలా పాతదైతే అదీ సరిగా రాదు, తడుతుంటే రొట్టె అంచులు పగుళ్లిస్తాయి, పెంక మీద వేసేలోపే విరుగుతుంది, పైగా చేదు. చాలామంది తమకు రొట్టె చేయడం రాదనుకుని మానేస్తారు, తప్పు చేతిది కాదు, పిండిది. ఆదివారం రెండు కిలోలు పట్టించుకుంటే వారం గడుస్తుంది. కుదరని రోజు రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని రొట్టెలు చేసే ఆవిడ దగ్గర నాలుగు కొనుక్కోండి, కళ్లముందు తట్టి కాల్చిన రొట్టెకు వంక పెట్టేదేముంది.

దోసె పిండి కొనండి, ఎప్పుడు రుబ్బారో మాత్రం అడగండి, అప్పటికే పులుపు వాసన వస్తుంటే వద్దు.

పేస్టు ప్యాకెట్ వెనక చదవండి. ఏది ఎక్కువ బరువుంటే దాని పేరు ముందు రాయాలన్నది నిబంధన, కాబట్టి అల్లం, ఎల్లిగడ్డ కంటే ముందు నీళ్లో ఉప్పో ఉంటే ఆ డబ్బా పక్కన పెట్టేయండి. ఇంట్లో చేస్తే నీళ్లు పోయకుండా కొంచెం ఉప్పు, నూనె వేసి రుబ్బి, ఐస్ ట్రేలో గడ్డకట్టించండి, కూరకొక ముక్క. కొన్నిసార్లు ఎల్లిగడ్డ ఆకుపచ్చగా మారుతుంది, భయపడి పారేయకండి, దానివల్ల హాని లేదు.

కూర ప్యాకెట్లే తగ్గించమంటాను, ఉప్పు కోసం. ప్యాకెట్ మీద సోడియం అని ఉంటుంది, 400 మిల్లీగ్రాములంటే సుమారు 1 గ్రాము ఉప్పు. పెద్దవాళ్లకే రోజుకు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, పిల్లలకు ఇంకా తక్కువ. ఆ ప్యాకెట్ వేడయ్యేలోపు మన పచ్చిపులుసు అయిపోతుంది: నానిన చింతపండు పిసికి, కాల్చిన పచ్చిమిర్చి నలిపి, ఉల్లిగడ్డ ముక్కలు, ఉప్పు, కాస్త బెల్లం, వేయించిన నువ్వుల పొడి. పక్కన ముద్దపప్పు ఉంటే పిల్లలు ఇంకోసారి అన్నం పెట్టించుకుంటారు.

ఇంకో మాట. ఇంత పెద్ద ఉత్తరంలో మీ ఆయన ఊసే లేదు, చదువుతుంటే అదే నాకు బాధేసింది. జొన్నలు గిర్నికి తీసుకుపోవడం, ఎల్లిగడ్డ పొట్టు తీయడం ఆయనా పిల్లలూ చేయగల పనులే. ఈ ఆదివారమే అడగండి.