టిన్ ఆక్సైడ్ గ్యాస్ సెన్సర్ రీడింగ్ నిలవకపోతే

గ్యాస్ ఏమీ లేకపోయినా మీ టిన్ ఆక్సైడ్ సెన్సర్ రీడింగ్ ఎండలో ఒకలా, వాన పడ్డప్పుడు ఇంకోలా వస్తోందన్నారు కదా. పాడైపోయిందని టెన్షన్ పడకండి, నా అనుమానం తేమ మీదే.

వేడెక్కిన టిన్ ఆక్సైడ్ రేణువులకు గాలిలోని ఆక్సిజన్ అతుక్కుని ఎలక్ట్రాన్లను లాగేసుకుంటుంది. అందుకే శుభ్రమైన గాలిలో నిరోధం ఎక్కువ. మండే గ్యాస్ తగిలితే ఆ ఆక్సిజన్ ఖర్చయిపోయి, ఎలక్ట్రాన్లు వెనక్కొచ్చి, నిరోధం పడిపోతుంది. చిక్కేమిటంటే, నీటి ఆవిరి కూడా పైపొర మీద హైడ్రాక్సిల్‌గా (ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన జంటగా) చేరి నిరోధాన్ని తగ్గిస్తుంది. మీ సర్క్యూట్‌కి రెండూ ఒకటే!

ముందు రేణువుల్ని వేడిచేసే, సెన్సర్ లోపలి హీటర్ సంగతి చూడండి. 5 వోల్టుల రకమైతే ఆ వోల్టేజీ సరిగ్గా సెన్సర్ కాళ్ల దగ్గరే ఉందో లేదో మల్టీమీటర్‌తో కొలవండి. మైక్రోకంట్రోలర్ పిన్ నుంచి ఇస్తుంటే మానేయండి, అంత కరెంటు అది ఇవ్వలేదు. కొత్త సెన్సర్‌ని కనీసం 24 గంటలు ఆపకుండా వేడెక్కనివ్వండి. అప్పటికీ తేడా ఉంటే పక్కనే తేమ, ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్ పెట్టి, డేటాషీట్‌లోని (తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలోని) గ్రాఫ్ ప్రకారం సవరించుకోండి.

అన్నట్టు, సెన్సర్ పెట్టే డబ్బాకి సిలికోన్ సీలెంట్ మాత్రం వాడకండి. దాని ఆవిరి తగిలితే సెన్సర్ మళ్లీ కోలుకోదు.