నాటకపు కత్తి పిడి పాతదిగా కనిపించాలంటే

వెండిరంగు మీద వేసిన నలుపు ఎంత తుడిచినా పోక, పిడి అంతా బూడిదరంగుకు తిరిగిందని మీరు రాశారు. లోపం బహుశా నలుపులో లేదు. రెండు రంగుల మధ్య వార్నిష్ పూత లేనందువల్ల, అడుగు రంగు నలుపును పీల్చుకుని ఉంటుంది.

1. పిడికి వెండిరంగు మళ్లీ పలుచగా వేసి, పూర్తిగా ఆరనివ్వండి.

2. దానిపై మెరుపు రకం యాక్రిలిక్ వార్నిష్ రెండు పలుచని పూతలు వేయండి. చాలామంది వదిలేసే మెట్టు ఇదే. మెరుపులేని రకం గరుకుగా ఉండి నలుపును పట్టేసుకుంటుంది కనుక ఇక్కడ అది పనికిరాదు. హైదరాబాదులో వానాకాలపు తేమకు పూత పైకి ఆరినట్టు కనిపించినా లోపల మెత్తగానే ఉంటుంది కాబట్టి, ఒక రోజంతా ఆగడం మంచిది.

3. నలుపులో కొంచెం ముదురు గోధుమరంగు కలిపి, నీళ్లలా పలుచన చేసి, ఒక్కో భాగానికే పూసి, ఆరకముందే నూలుగుడ్డతో తుడవండి. గాడుల్లో మాత్రమే రంగు మిగలాలి.

4. దాదాపు పొడిగా ఉన్న కుంచెతో అంచులకు వెండిరంగు తాకించండి. అరచేయి రాసుకునే చోట మెరుపు, వేళ్లు చేరని మూలల్లో మురికి ఉండాలి. సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఆయుధాల పిడులను ఒకసారి దగ్గరగా చూస్తే ఎక్కడ ఎంత వేయాలో మీకే తెలుస్తుంది.

5. చివరగా మెరుపులేని వార్నిష్ ఒక పూత వేయండి.