లీగ్ వదిలి యూనియన్‌కి వచ్చిన రగ్బీ ఆటగాడికి నేరుగా జాతీయ జట్టులో చోటివ్వచ్చా?

అడిగినాయన బాధ ఇది: ఆస్ట్రేలియాలో జోసెఫ్ సువాలీ అనే కుర్రాడు రగ్బీ లీగ్ ఆడుతూ ఆడుతూ 2024లో రగ్బీ యూనియన్‌కి మారాడు. పెద్దల యూనియన్ క్లబ్బు మ్యాచ్ ఒక్కటి కూడా ఆడకుండానే దేశం జెర్సీ తొడిగారు. ఏళ్ల తరబడి యూనియన్‌నే నమ్ముకున్నవాళ్లకు ఇది అన్యాయం కాదా? కింద జవాబులిచ్చినవాళ్లలో సగం మంది ప్రతిభ ఉంటే చాలన్నారు, మిగతా సగం వరుసలో రావాలన్నారు.

నేను రగ్బీ ఆడినవాణ్ణి కాను. చిత్తూరు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో పీఈటీగా ముప్పై ఏళ్లు చేసి రిటైరై, ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. రగ్బీ పిచ్చి సిడ్నీలో ఉన్న మా అల్లుడి వల్ల పట్టుకుంది. కూతురి కాన్పుకని వెళ్లి ఆరు నెలలు ఉన్నప్పుడు, మనవరాలు నిద్రపోయాక మామా అల్లుళ్లం టీవీ ముందు కూర్చునేవాళ్లం. రగ్బీలో నాకు తెలిసిందంతా అక్కడ నేర్చుకున్నదే. కానీ జట్టును ఎంపిక చేయడం, ఒకణ్ణి తీసుకుని ఇంకొకణ్ణి పక్కన పెట్టడం నేను చాలాసార్లు చేశాను. ఒకసారి ఘోరంగా తప్పు కూడా చేశాను. అందుకే రాస్తున్నాను.

ముందు ఈ రెండు ఆటల సంగతి. మొదట ఒకటే ఆట. ఉత్తర ఇంగ్లండ్‌లో గనుల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు శనివారం ఆట కోసం కూలి పోగొట్టుకునేవాళ్లు. పోయిన కూలి ఇవ్వమని అక్కడి క్లబ్బులు అడిగితే పెద్దమనుషులు ఒప్పుకోలేదు. 1895లో హడర్స్‌ఫీల్డ్‌లో ఆ క్లబ్బులు విడిపోయి వేరుకుంపటి పెట్టుకున్నాయి. అదే తర్వాత లీగ్ అయింది. యూనియన్ వాళ్లు అధికారికంగా డబ్బులివ్వడానికి ఒప్పుకున్నది 1995లో, సరిగ్గా నూరేళ్లకు. ఈ నూరేళ్లలో ఆటలు కూడా వేరైపోయాయి. లీగ్‌లో జట్టుకు 13 మంది, యూనియన్‌లో 15. లీగ్‌లో మనిషిని పడగొడితే ఆట ఒక క్షణం ఆగుతుంది. పడినవాడు లేచి బంతిని కాలితో వెనక్కి జరుపుతాడు, ఆరు ట్యాకిల్స్ అయితే బంతి అవతలివాళ్లది. యూనియన్‌లో మనిషి పడ్డాకే అసలు కొట్లాట మొదలు. బంతి మీద పడి లాక్కోవాలా, వెనక్కి వచ్చి గీత కాయాలా అన్నది రెప్పపాటులో తేల్చుకోవాలి. దూరం నుంచి చూస్తే రెండూ ఒకటే. మన కబడ్డీలోనూ పంజాబ్ వాళ్లది గుండ్రటి కోర్టు, మనది గీతల కోర్టు. పేరు ఒకటే కదా అని ఇక్కడివాణ్ణి తీసుకెళ్లి అక్కడ దించితే తెలుస్తుంది.

ఇక నా తప్పు సంగతి. అప్పుడు నేను పనిచేసే ఊరు పాకాల వైపు. మా బడికి కబడ్డీలో మంచి పేరుంది. గ్రౌండ్ అంటే మట్టే. ముగ్గుపిండితో గీతలు వేసుకునేవాళ్లం, వాన పడితే మళ్లీ వేసుకునేవాళ్లం. జోనల్ పోటీలకు మూడు వారాల ముందు ఖోఖో జట్టులోని ఒక కుర్రాడు వచ్చి, 'సార్, నేనూ కబడ్డీ ఆడతా' అన్నాడు. గాలి మాదిరి ఉరుకుతాడు. రైడ్‌కి పంపిస్తే మొదటి రోజే మా పెద్ద రైడర్ల కంటే ఎక్కువ పాయింట్లు తెచ్చాడు. నాకు మతి పోయింది. వాడికి పన్నెండు మందిలో చోటిచ్చి ఊరుకుని ఉంటే బాగుండేది. ఏకంగా ఏడుగురిలో పెట్టాను. వాడు పొడగరి, చేతులు పొడవు. అందుకని డిఫెన్స్‌లో ఎడమ కార్నర్‌లో నిలబెట్టాను. అక్కడ మూడేళ్లుగా ఆడుతున్న కుర్రాడు ఒకడున్నాడు. పొట్టివాడు, రైడ్‌కి పనికిరాడు, చీలమండ పట్టుకున్నాడంటే మాత్రం వదలడు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టాను.

మ్యాచ్ చివరిదాకా సమానంగా నడిచింది. ఆఖరి రైడ్ వాళ్లది. రైడర్ కూత పెట్టి నేరుగా మా ఎడమ కార్నర్ మీదికి వచ్చాడు. అప్పుడు మా ఖోఖో కుర్రాడు ఏం చేశాడో తెలుసా? చెయిన్‌లో పట్టుకున్న చెయ్యి వదిలేసి వెనక్కి ఎగిరి తప్పించుకున్నాడు. ఖోఖోలో అది అద్భుతం. మీదికి వచ్చేవాడికి దొరక్కపోవడమే అక్కడ పని. అయిదో తరగతి నుంచి వాడి ఒంటికి మేం నేర్పించింది అదే. ఇక్కడ మాత్రం వచ్చేవాణ్ణి పట్టాలి. పక్కవాడు చెయ్యి ఖాళీ అయి తడబడ్డాడు, రైడర్ వాడి మోకాలు తాకి గీత దాటేశాడు. ఒక్క పాయింట్‌తో పోయింది.

వాణ్ణి ఏమని తిడతాం? మూడు వారాల్లో కబడ్డీ వాడి బుర్రకెక్కింది, కాళ్లకెక్కలేదు. టెన్షన్ లేనప్పుడు బుర్ర చెప్పినట్టు కాళ్లు వింటాయి. టెన్షన్ వచ్చిందంటే కాళ్లు పాత ఊరికే వెళ్లిపోతాయి.

ఈ కళ్లతో చూస్తే ఇంగ్లండ్ వాళ్ల శామ్ బర్జెస్ కథ నాకు బాగా అర్థమవుతుంది. లీగ్‌లో వీరుడు. 2014లో సిడ్నీలో ఫైనల్ మొదట్లోనే చెంప ఎముక విరిగినా ఆటంతా ఆడి గెలిపించాడు. ఆ ఏడాది చివర యూనియన్‌కి మారి బాత్ క్లబ్‌లో చేరాడు. ఏడాది తిరక్కుండా 2015 ప్రపంచ కప్‌కి కోచ్ లాంకాస్టర్ అతణ్ణి ఎంపిక చేశాడు. క్లబ్బులోనేమో ముందు వరుసల్లో ఫ్లాంకర్‌గా ఆడించారు, దేశానికి వచ్చేసరికి వెనక సెంటర్‌లో నిలబెట్టారు. ఆ ఏడాది సిక్స్ నేషన్స్ అనే యూరప్ ఆరు దేశాల టోర్నీలో సెంటర్‌గా ఆడిన లూథర్ బరెల్‌ని పక్కన పెట్టారు. ఇంగ్లండ్ సొంత గడ్డ మీదే వేల్స్ చేతిలో 28-25తో, ఆస్ట్రేలియా చేతిలో 33-13తో ఓడి గ్రూప్ దశలోనే ఇంటికి పోయింది. ఆ ఏడాది ముగియకుండానే బర్జెస్ మళ్లీ లీగ్‌కి వెళ్లిపోయాడు.

అందరూ అతణ్ణే ఆడిపోసుకున్నారు. వేల్స్ మ్యాచ్‌లో అతణ్ణి బయటికి పిలిచేటప్పటికి ఇంగ్లండ్ ఆధిక్యంలోనే ఉంది. వేల్స్ స్కోరు సమం చేసిన ట్రై (బంతిని అవతలివాళ్ల గీత దాటించి నేలకు తాకించడం), గెలిచిన పెనాల్టీ రెండూ అతను బెంచీ మీద కూర్చున్నాక వచ్చినవే. చివర్లో పెనాల్టీ కొట్టి సమం చేసే వీలున్నా కెప్టెన్ రాబ్‌షా ట్రై కోసం బంతిని కార్నర్‌కి తన్నించి చేజార్చుకున్నాడు. దానికీ బర్జెస్‌కీ ఏం సంబంధం? నన్నడిగితే తప్పు ఎంపిక చేసినవాళ్లది. ఒకే మనిషికి ఒకే ఏడాదిలో కొత్త ఆట నేర్పుతూ, అందులో రెండు పొజిషన్లు నేర్చుకోమన్నారు. నేను మా ఖోఖో కుర్రాణ్ణి రైడర్‌గా మెచ్చి కార్నర్‌లో నిలబెట్టినట్టే.

దీనికి ఎదురు జేసన్ రాబిన్సన్. విగన్ జట్టులో లీగ్ ఆడి, 2000లో సేల్ క్లబ్బుకి వచ్చాడు, 2001లోనే ఇంగ్లండ్‌కి ఆడాడు. అదీ తొందరే. కానీ అతణ్ణి పెట్టింది వింగ్‌లో, ఫుల్‌బ్యాక్‌లో. అక్కడ పని బంతి అందుకుని మనుషుల మధ్య సందు చూసి దూరడం. అతను చిన్నప్పటి నుంచి చేసింది అదే కాబట్టి, టెన్షన్‌లో కాళ్లు పాత ఊరికి పోయినా నష్టం లేదు, పాత ఊరే కావాలి. 2003 ప్రపంచ కప్ ఫైనల్లో ఇంగ్లండ్ కొట్టిన ఒకే ఒక్క ట్రై అతనిదే. అవతల ఆస్ట్రేలియా ట్రై కొట్టిన లోటె తుకీరీ కూడా లీగ్ నుంచి వచ్చినవాడే కావడం ఒక తమాషా.

సన్నీ బిల్ విలియమ్స్‌ది ఇంకో దారి. సెంటర్‌లాంటి కష్టమైన చోటే ఆడాడు. 2008లో లీగ్ వదిలి ఫ్రాన్స్‌లో తులాన్ క్లబ్‌కి పోయి అక్కడ కాళ్లకు కొత్త ఆట నేర్పుకున్నాడు. తర్వాతే న్యూజీలాండ్ వచ్చి 2010లో ఆ దేశపు జట్టు ఆల్ బ్లాక్స్ జెర్సీ వేసుకున్నాడు. 2011, 2015 రెండు ప్రపంచ కప్పులూ గెలిచిన జట్లలో ఉన్నాడు. 2015 ఫైనల్ అయ్యాక తన పతకాన్ని మైదానంలోకి దూసుకొచ్చిన పిల్లాడి మెడలో వేసినాయన ఈయనే. అతణ్ణి దొడ్డిదారిన వచ్చాడని అనడానికి నోరు రాదు.

ఇప్పుడు సువాలీ. ఇక్కడ నా లెక్క కొంచెం తప్పింది, దాచుకోను. 2024 నవంబర్ 9న లండన్‌లోని ట్వికెన్‌హామ్ స్టేడియంలో ఇంగ్లండ్ మీద అవుట్‌సైడ్ సెంటర్‌లో దించారు. డిఫెన్స్‌లో చాలా తలనొప్పి చోటు అది. నేనైతే దించేవాణ్ణి కాదు. ఆస్ట్రేలియా 42-37తో గెలిచింది, ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ అతనే. మా అల్లుడు ఫోన్ చేసి, 'ఏం మామా, మీ ఖోఖో సిద్ధాంతం ఏమైంది?' అని ఒకటే నవ్వు. నేను ఒకటే చెప్పాను. ఆ కుర్రాడు బడిలో చదివేటప్పుడు యూనియన్ ఆడాడు. మా వాడి మాదిరి పరాయి ఊరికి పోలేదు, చిన్నప్పుడు వదిలేసిన ఇంటికి తిరిగొచ్చాడు. పైగా గాల్లోకి ఎగిరి ఎత్తు బంతులు అందుకోవడంలో దిట్ట, ఆ పని రెండు ఆటల్లోనూ ఒకటే. అల్లుడు ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే అల్లుడెందుకవుతాడు?

ఆస్ట్రేలియా అవసరం కూడా చూడాలి. 2023 ప్రపంచ కప్‌లో మొదటిసారి గ్రూప్ దశ దాటలేదు. 2024 సెప్టెంబర్‌లో అర్జెంటీనా 67-27తో ఉతికింది. 2025లో లయన్స్ (బ్రిటన్, ఐర్లండ్‌ల ఉమ్మడి జట్టు) టూర్, 2027లో సొంత గడ్డ మీద ప్రపంచ కప్. అక్కడ లీగ్ ముందు యూనియన్ వెలవెలబోతోంది. జనాన్ని స్టేడియంకి రప్పించే ముఖం వాళ్లకు కావాలి. ఇది ఆటకు సంబంధం లేని లెక్క అని కొట్టేయలేం. కానీ ఆ లెక్కతో తీసుకున్నప్పుడు ప్రతిభ అనే మాట ఒక్కటే చెప్పి ఊరుకోకూడదు.

కొందరు జవాబుల్లో దేశభక్తి ముచ్చట తెచ్చారు. సువాలీ 2022 లీగ్ ప్రపంచ కప్‌లో సమోవా తరఫున ఫైనల్ ఆడాడు, అదీ ఆస్ట్రేలియా మీదే. రెండేళ్లకు యూనియన్‌లో అదే ఆస్ట్రేలియా జెర్సీ. రూల్స్ ప్రకారం తప్పు లేదు, రెండు ఆటల పాలక మండళ్లు వేరు. నాకైతే ఇది పెద్ద విషయంగా తోచదు. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు నెల్లూరు జెర్సీ వేసుకున్న గూడూరు, సూళ్లూరుపేట పిల్లలు మరుసటి ఏడు తిరుపతి జిల్లా సెలక్షన్స్‌కి వచ్చారు. వాళ్లను ఎవరైనా ద్రోహులన్నారా?

వరుసలో రావాలన్న వాదనకు వస్తాను. తిరుపతిలో ఉండేవాడికి క్యూ గురించి ఒకరు చెప్పనక్కర్లేదు. కంపార్ట్‌మెంట్లో పద్దెనిమిది గంటలు కూర్చున్నవాడికి బ్రేక్ దర్శనం వాళ్లు ముందు వెళ్తుంటే కడుపు మండుతుంది. అయినా కాస్త ఆలస్యంగానైనా స్వామి అందరికీ కనిపిస్తాడు. జట్టులో అలా కుదరదు, మ్యాచ్ రోజు బెంచీతో కలిపి ఇరవై మూడు మందికే చోటు. ఒకడు ముందుకొచ్చాడంటే వెనకవాడికి ఆ రోజు దర్శనం లేనట్టే, ఒక్కోసారి ఎప్పటికీ లేనట్టే. అందుకని వరుస కొద్దీ ఇవ్వలేం. ఎన్నేళ్లు ఆడాడన్నది హక్కు కాదని నేను పిల్లలకు ఎప్పుడూ చెప్పేవాణ్ణి. కానీ ఆ ఏళ్లలో ఒంటికి పట్టిన ఆట ఉంటుంది చూడండి, దాన్ని తూకంలో వేయాలి. పక్కన పెట్టేవాడి దగ్గరికి పోయి కారణం మొహం మీద చెప్పాలి. ఆ రెండూ నేను చేయలేదు.

కాబట్టి నా జవాబు: కొత్తగా వచ్చినవాడికి పాత ఆట అలవాటు మేలు చేసే పొజిషన్ దొరికితే, క్లబ్బూ దేశమూ అదే పొజిషన్‌లో ఆడిస్తామని ఒప్పుకుంటే, తీసుకోండి, మొదటి మ్యాచే అయినా సరే. అలా లేకపోతే ఒక పూర్తి సీజన్ క్లబ్‌లో ఆడనివ్వండి, ఎంత మొనగాడైనా. సువాలీ విషయంలో నేనైతే వింగ్‌లో దించేవాణ్ణి, దించి ఆ రోజు బహుశా తప్పు చేసి ఉండేవాణ్ణి.

మా ఖోఖో కుర్రాడు ఆ ఓటమి తర్వాత పారిపోలేదు. ఏడాదంతా పొద్దున ఆరుకల్లా గ్రౌండ్‌కి వచ్చి పట్లు నేర్చుకున్నాడు, మరుసటి ఏడు జిల్లా జట్టుకి ఆడాడు. ఎడమ కార్నర్ కుర్రాడు మాత్రం ఆ రోజు బస్సులో, 'సార్, నేనేం తప్పు చేసినాను?' అని ఒక్కసారి అడిగాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. వాడు మళ్లీ కబడ్డీ కోర్టులోకి దిగలేదు.

రెండేళ్ల కింద చంద్రగిరిలో ఆటో ఎక్కితే నడిపేది వాడే. గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. పిల్లలు, బడి, వానలు అన్నీ మాట్లాడాం. దిగేటప్పుడు వాడే ఎత్తాడు. 'ఆ రైడరు కాలు బాగా చాపి వచ్చినాడు సార్, ఇంకా కళ్ల ముందే ఉంది. ఆ కాలు నాది.' చార్జీ మాత్రం పైసా తగ్గించలేదు.