కేబుల్ తాకితే ఎస్‌డబ్ల్యూఆర్ మారడం: ఇంట్లో చేసుకునే చోక్ బాలన్

మీ హామ్ రేడియోలో 7 మెగాహెర్ట్జ్ డైపోల్‌పై (మధ్యలో కేబుల్ కలిసే రెండు తీగల యాంటెన్నా) ప్రసారం చేస్తూ కోయాక్స్‌ను (రేడియో నుంచి యాంటెన్నాకు వెళ్లే కేబుల్) తాకితే ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా వైపు నుంచి పవరు ఎంత వెనక్కి వస్తోందో సూచించే కొలత) మారుతోందనీ, మైకు పెదవికి తగిలితే చురుక్కుమంటోందనీ రాశారు. దయచేసి యాంటెన్నా తీగలను కత్తిరించకండి. డైపోల్ రెండు వైపులా సమతుల్యంగా ఉండగా కోయాక్స్ అలా ఉండదు కనుక, కొంత కరెంటు షీల్డు (కేబుల్ మధ్య తీగ చుట్టూ ఉండే లోహపు అల్లిక) వెలుపలి తలం మీదుగా మీ గదిలోకి దిగుతోంది. దాన్ని ఆపడానికి 1:1 చోక్ బాలన్ (సమతుల్య యాంటెన్నాను అసమతుల్య కేబుల్‌కు కలిపే పరికరం) చాలు.

ఎఫ్‌టీ240-31 రకం ఫెరైట్ (అయస్కాంత గుణమున్న సిరామిక్) రింగుపై ఆర్‌జీ-58 రకం కోయాక్స్ కేబుల్‌ను 12 చుట్లు చుట్టండి. కేబుల్ రింగు లోపలి నుంచి ఎన్నిసార్లు వెళ్తే అన్ని చుట్లని లెక్క. మరీ బిగించి లాగితే, వేడెక్కినప్పుడు లోపలి పాలిథిలీన్ ప్లాస్టిక్ మెత్తబడి, వంపు దగ్గర మధ్య తీగ పక్కకు జరిగి షీల్డును తాకే ప్రమాదం ఉంది. ఎర్ర రంగు ఇనుప పొడి రింగు చూపుకు ఇలాగే ఉన్నా ఈ పనికి రాదు.

దీన్ని డైపోల్ మధ్యలో, కేబుల్ కలిసే చోటనే పీవీసీ పెట్టెలో అమర్చి, విప్పిన కోయాక్స్ కొనను తప్పక మూసేయండి, ఎందుకంటే వాన నీరు షీల్డు అల్లికలోకి వత్తిలోకి నూనె పాకినట్టు పాకుతుంది. తరువాత తక్కువ పవరుతో ప్రసారం చేస్తూ కేబుల్ పొడవునా చెయ్యి జరిపి చూడండి. ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు ముల్లు కదలకపోతే చోక్ పనిచేస్తున్నట్టే.