వరదొచ్చినా, కరోనా వచ్చినా ఎక్కువ నష్టపోయేది రోజూ వచ్చే పేషెంటే

వరదలు, కరోనా లాంటివి వచ్చినప్పుడు పేదలు వెళ్లే ఆసుపత్రుల్లో బెడ్లు పెంచితే సరిపోదా అని కొందరు అడిగారు. సరిపోదండీ. ఉత్తర చెన్నైలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి డయాలసిస్ వార్డులో, అంటే కిడ్నీలు పనిచేయనివాళ్ల రక్తాన్ని మెషీన్‌తో శుద్ధి చేసే చోట, నర్సుగా చేశాను, 2015 వరదలూ కరోనా రెండు వేవ్‌లూ అక్కడే చూశాను. వరదలో చిక్కుకున్నవాళ్లు, కరోనా వచ్చినవాళ్లు ఏదో ఒక లెక్కలోకి వస్తారు. ఆ గోలలో వైద్యం ఆగిపోయిన మామూలు పేషెంటు ఏ లెక్కలోకీ రాడు.

డయాలసిస్ సంగతే తీసుకోండి. నాలుగు గంటల సిట్టింగుకి ఒక్క మనిషికి దాదాపు 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు కావాలి, ఆర్‌ఓ ప్లాంటు నడవాలి, కరెంటు పోకూడదు. 2015 డిసెంబరు మొదట్లో కరెంటు పోయింది, జనరేటర్ ఉంది గానీ డీజిల్ బండి రోడ్డు మీద నీళ్లలో ఆగిపోయింది. అందరికీ ఎంతో కొంత అందాలని మా డాక్టర్లు సిట్టింగు రెండు గంటలకు కుదించారు. వ్యాసర్పాడి దగ్గర రైలు పట్టాల కింద నుంచి వెళ్లే గణేశపురం సబ్‌వే మునిగితే అటువైపు వాళ్లు చుట్టూ తిరిగి రావాల్సిందే, ఆటోలు రావు, మీన్‌బాడి బండిలో (సామాన్లు మోసే మూడు చక్రాల బండి) పడుకోబెట్టి తెచ్చినవాళ్లు ఉన్నారు. వార్డు శుభ్రం చేసే అక్కలు చాలామంది మన తెలుగువాళ్లే, పులియంతోపు చుట్టుపక్కల ఉంటారు, ఇంట్లో మోకాలి లోతు నీళ్లు పెట్టుకుని డ్యూటీకి వచ్చారు. ఆ ఆసుపత్రికి వచ్చే పేషెంట్లూ, అందులో పనిచేసేవాళ్లూ ఒకే పేటవాళ్లు, ఇద్దరూ ఒకేసారి మునుగుతారు. ఈ మాట ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

కరోనా అప్పుడు కష్టం ఇంకో రకం. జీహెచ్, అంటే చెన్నై ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి, సెంట్రల్ స్టేషన్ ఎదురుగానే కదా, నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట వాళ్లు రైలు దిగి రోడ్డు దాటితే చాలు. 2020 మార్చిలో రైళ్లు ఆగిపోయాయి, తర్వాత ప్రయాణానికి ఈ-పాస్ ఉండాలన్నారు. మా వార్డుకి వచ్చే సూళ్లూరుపేట పెద్దాయన ఒకరు "తడ దగ్గర ఆపేశారమ్మా" అని ఆంధ్రా-తమిళనాడు సరిహద్దు నుంచి ఫోన్ చేశారు. వరసగా రెండు సిట్టింగులు తప్పాయి, చివరికి ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసంతో వచ్చారు. అదే సమయంలో కొన్ని ప్రైవేట్ సెంటర్లు మూసేశాయి, కొన్ని టెస్ట్ రిపోర్ట్ లేకపోతే లోపలికి రానివ్వలేదు, వాళ్ల పేషెంట్లూ మా దగ్గరికే వచ్చారు. మాకున్న మెషీన్లలో ఒకటి పాజిటివ్ వాళ్లకని పక్కన పెట్టాం, నర్సుల్లో సగం మందిని కోవిడ్ వార్డుకి పంపేశారు. 2021 మేలో జీహెచ్ బయట అంబులెన్సులు బారులు తీరడం అందరూ టీవీలో చూశారు, మా డయాలసిస్ వార్డు కష్టం ఎవరూ చూడలేదు. టీబీ కూడా అంతే, దేశం మొత్తం మీద 2019లో దాదాపు 24 లక్షల కేసులు నమోదైతే 2020లో 18 లక్షలే. జబ్బు తగ్గి కాదు, పరీక్షకు వచ్చేవాళ్లు తగ్గి.

ఇంకో మాట, ఇది నాకు ఇప్పటికీ బాధే. తమిళనాడులో కరోనా కోసం కాంట్రాక్టు మీద తీసుకున్న నర్సుల్లో రెండు వేల మందికి పైగా 2022 డిసెంబరు 31తో ఉద్యోగం పోయింది. అంత అనుభవం వచ్చిన మనుషులను పంపేసి, రేపు ఇంకోటి వస్తే మళ్లీ కొత్తవాళ్లకు మొదటి నుంచి నేర్పాలా? బెడ్డు కొనుక్కోవచ్చు, ఐసీయూ నర్సు ఒక్క నెలలో తయారవదు.

మీ ఇంట్లో డయాలసిస్ పేషెంటు ఉంటే వర్షాకాలం ముందే రెండో సెంటర్ ఏదో కనుక్కోండి. డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) ఎంత, హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవి రిపోర్టులు, వాడే మందులు, వీటి జిరాక్సులు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకోండి, అవి లేకపోతే కొత్త చోట మెషీన్ ఎక్కించరు. సిట్టింగు తప్పేలా ఉంటే డాక్టర్ చెప్పినట్టు నీళ్లు, ఉప్పు తగ్గించాలి. సహాయ శిబిరాల్లో అరటిపళ్లు, కొబ్బరినీళ్లు ప్రేమగానే ఇస్తారు, కానీ వాటిలో పొటాషియం ఎక్కువ, డయాలసిస్ పేషెంట్లకు గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది, వాళ్లకు పెట్టకండి.